ఎండ మీద వేసిన నింద

కొన్నేళ్ళుగా నా దగ్గర ఒక థర్మకోల్ పెట్టె ఉంది. ఖాళీ పెట్టె. చిటికెన వేలితో ఎత్తవచ్చు. నేను మాత్రం మోయలేకపోతున్నాను.

కిరాణా కొట్లో పుట్టి పెరిగినదాన్ని. ఏ పొట్లం చేతికిచ్చినా త్రాసు లేకుండా తూకం చెప్పేదాన్ని. శనగపప్పు పొట్లంలో పిడికెడు తగ్గినా నా అరచేతికి తెలిసిపోయేది. ఈ ఒక్క పెట్టె విషయంలోనే నా చెయ్యి పని చేయడం మానేసింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకైతే చెబుతూ చెబుతూనే బేరం మొదలుపెడతాను. నా తప్పు అంత కాదు, ఇంతే అంటాను. పోనీ నీ మాటా వద్దు నా మాటా వద్దు, మధ్యలో ఒక మాటకు రమ్మంటాను. అవతలివాళ్ళు విసిగిపోయి పోనీలే అనేదాకా వదలను. నాకు నేనే ఈ తప్పును ఎన్నోసార్లు అలా తగ్గించి అమ్ముకున్నాను. మీ దగ్గర ఆ వీలు లేదు. మీరు మారుమాట చెప్పలేరు. కాబట్టి ఒకే ధర. వినండి.

మాది మేడ్చల్. పాత బజారులో మా బాపు కొట్టు. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అలాంటి ఇంటి పిల్లనై ఉండి చేపల కార్జాలు కోసే చదువు చదివాను. ఇంకా మంచి సీటేదో వస్తుందని చివరిదాకా ఆగితే చివరికి మిగిలింది జంతుశాస్త్రం. బేరంలో మరీ ఎక్కువసేపు ఆగినవాళ్ళకు మిగులు సరుకే దక్కుతుందని అప్పుడే నాకు తెలియాల్సింది. తెలియలేదు. నేను ఇంటికి వచ్చే వేళకు అమ్మ వాకిట్లో బకెట్ నీళ్ళు పెట్టి ఉంచేది, అవి గుమ్మరించుకున్నాకే లోపలికి రానిచ్చేది. బాపు మాత్రం “సరుకు ఏదైతేంది, తూకం నిక్కచ్చిగుంటే సాలు” అని నవ్వేవాడు.

చదువయ్యాక శామీర్‌పేట అవతల ఒక కాలేజీలో చేపల మీద పరిశోధన చేసే ఒక సార్ దగ్గర ప్రాజెక్టు పనికి కుదిరాను. ఆ పని ఏమిటో చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు, కాబట్టి మా కొట్టు భాషలో చెబుతాను. మా కొట్టు వెనక ఒక గది ఉండేది. బియ్యం బస్తాలు దిగగానే అక్కడ ఆడవాళ్ళు చాటలు పట్టుకుని రాళ్ళు ఏరేవాళ్ళు. రాళ్ళెక్కువున్న బియ్యం వస్తే అమ్మ ఇంకొందరిని పిలిపించేది. చేప ఒంట్లో కార్జం, అంటే కాలేయం, ఆ వెనక గది. అందులో ఏరే పని చేసేవి ఎంజైములు. నీళ్ళలో కలిసిన నూనె చేప ఒంట్లోకి వెళితే, దాన్ని విరగ్గొట్టి బయటికి తోయడానికి ఒక రకం ఎంజైము బాగా పెరుగుతుంది. అప్పుడిక రాళ్ళ కోసం వెతకనక్కర లేదు. ఏరే చేతులు ఎన్నున్నాయో చూస్తే చాలు, ఎలాంటి బస్తా వచ్చిందో తెలిసిపోతుంది.

నీళ్ళ వేడి కూడా ఇందులో తలదూరుస్తుంది. నీళ్ళు కాస్త వెచ్చబడితే చేతులు చురుగ్గా ఆడతాయి. మరీ కాగితే డీలా పడతాయి. ఏది నూనె చేసిన పని, ఏది వేడి చేసిన పని అని విడదీయడమే మా సార్ పట్టుదల. కాలేజీ వెనక రేకుల షెడ్డులో వరసగా తొట్టెలు పెట్టాం. కొన్నింట్లో మంచినీళ్ళు, కొన్నింట్లో వాడి పారేసిన ఇంజనాయిలు కలిపిన నీళ్ళు. కొన్ని చల్లగా, కొన్ని వెచ్చగా, కొన్ని బాగా వేడిగా. పనంతా ఒక్క షరతు మీద నిలబడుతుంది. కార్జం బయటికి తీసిన క్షణం నుంచీ గడ్డకట్టే చలిలో ఉంచాలి. వెచ్చబడితే ఎంజైములు చెడిపోతాయి. ఏరేవాళ్ళంతా లేచి ఇళ్ళకు పోయాక వెనక గదిలోకి తొంగిచూసినట్టు ఉంటుంది. గది ఖాళీగా కనబడుతుంది. అసలు రాళ్ళే రాలేదేమో అనిపిస్తుంది.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను చేసిందంతా ఇందులోనే ఉంది.

ఇక యాదమ్మ. మేడ్చల్ బజారులో చేపలమ్మేది. నా చిన్నప్పటి నుంచీ మా కొట్టుకు వచ్చేది, బెల్లం దగ్గరా చింతపండు దగ్గరా మా బాపుతో పెద్ద యుద్ధం చేసేది. బేరం ఎలా ఆడాలో నేను బాపు దగ్గర సగం, ఆమె దగ్గర సగం నేర్చుకున్నాను. ఆమె భర్త మల్లయ్య, ఇంకొన్ని కుటుంబాలవాళ్ళు కలిసి సంఘం కట్టుకుని అలియాబాద్ అవతల ఒక కుంటలో చేపపిల్లలు వేసి పెంచుకునేవాళ్ళు. ఆ కుంటలోకి నీళ్ళు తెచ్చే ఒర్రె పక్కన ఎవరో ఒక షెడ్డు వేశారు. జీడిమెట్ల నుంచి వాడేసిన ఆయిలు డ్రమ్ములు తెచ్చి అక్కడ కడిగి, రంగేసి మళ్ళీ అమ్మేవాళ్ళు. కడిగిన నీళ్ళు ఒర్రెలోకి పోయేవి. ఆ ఎండాకాలం కుంటలో చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. బతికినవాటిని వండితే కూరకు ఏదో వాసన.

సంఘంవాళ్ళు ఫిర్యాదు చేశారు. వచ్చిన అధికారి కుంటను చూసి, ఎండాకాలం కుంటలో నీళ్ళు తగ్గి కాగితే చేపలు చావడం మామూలేనని, నూనె వల్లే అనడానికి ఆధారం ఏదని అడిగి వెళ్ళాడట. యాదమ్మ మా కొట్టుకొచ్చి, షావుకారి బిడ్డ చేపల చదువే కదా చదివింది, ఒక్కమాట మీ సార్‌కు చెప్పమని బతిమాలింది. చెప్పాను. సార్ వెంటనే ఒప్పుకున్నారు. కుంట చేపల కార్జాలు తీసి మన తొట్టెల చేపలతో పోల్చి చూద్దాం, నూనె పెత్తనం ఉంటే అదే బయటపడుతుంది అన్నారు. ఆ కుంటకున్న ఒకే ఒక్క సాక్షి చేప కార్జం. ఆ సాక్షిని చెడకుండా తీసుకొచ్చే పని నాది.

ఇక్కడే నా పుట్టుక బుద్ధి బయటపడింది.

కార్జాలు పెట్టడానికి పొగలు కక్కే డ్రై ఐసు కావాలి. మామూలు ఐసులా అది కరిగి నీరవదు, నేరుగా గాలిలోకి ఎగిరిపోతుంది. ఎంత తూకం తేవాలో సార్ చెప్పి, డబ్బిచ్చి జీడిమెట్ల పంపారు. మా బజారులో ఎవరూ అసలు మాట ముందు చెప్పరు. పది కావాలంటే పదిహేను అడుగుతారు, ఎనిమిది ఇవ్వాలంటే ఆరు చెబుతారు. నేను పుట్టినప్పటి నుంచీ మనుషులు అంకెలు చెప్పే పద్ధతి అదొక్కటే విన్నాను. సార్ చెప్పిన తూకాన్ని కూడా అలాగే విన్నాను. ఆయన నోటి నుంచి వచ్చింది అవసరమని తోచలేదు, తొలి మాట అనుకున్నాను. కొంత తగ్గించినా సరిపోతుందని బస్సులో కూర్చునే తీర్మానించేశాను. చదువుకున్నదాన్నే. గ్రామును వెయ్యి వంతులు చేసి తూచే త్రాసు మీద రోజూ పని చేసినదాన్నే. అయినా ఆ తూకంలో కోత పెట్టవచ్చని నాకెందుకు అనిపించింది? పుస్తకం చదువు మెదడు దాకా వెళుతుందేమో, బజారు చదువు ఎముకల్లో ఉంటుంది.

ఆ ఐసు అమ్మే భాయ్ నేను తగ్గించి చెప్పిన తూకం సంచిలో వేసి తూచాడు. ధర చెప్పాడు. నేను నవ్వాను. సగానికి అడిగాను. అతను కూడా నవ్వాడు, కానీ కంగారుగా నవ్వాడు.

“ఏంది మేడమ్ గిది. మీరు ఆలోచించేలోపు సగం మాల్ గాల్లకు పోతది. జల్దీ తీస్కపోండ్రి.”

ఇలాంటి పాటలు వింటూనే పెరిగాను. ఇదే ఆఖరి బస్తా, రేపు ధర పెరుగుతుంది, ఇంకొకరు అడిగి వెళ్ళారు, మీకోసమే దాచాను. మా కొట్లో కౌంటర్ వెనక నిలబడి నేనే పాడిన పాటలు. అతను చెప్పింది అమ్మేవాడి పాట అనుకున్నాను. సరుకు గురించి అమ్మేవాడు అక్షరాలా నిజం చెప్పిన సందర్భం నా జీవితంలో అదొక్కటే. అదే నేను నమ్మలేదు.

బేరంలో గెలుపు నోట్లో ఉండదు, వీపులో ఉంటుందని మా బాపు అనేవాడు. వీపు తిప్పి నడిస్తే ధర దానంతటదే దిగొస్తుంది. నడిచాను. రోడ్డు దాటి టీ కొట్టు ముందు కూర్చున్నాను. తిరిగి చూడకూడదు, అది నియమం. ఒక టీ తాగాను. అతను పిలవలేదు. ఇంకో టీ తాగాను. అతను ఇంకొకరికి సరుకు ఇస్తూ ఉండిపోయాడు. తూచిన నా సంచి ఎండలో అరుగు మీదే ఉంది. చివరికి చెయ్యి ఊపాడు. నేనడిగిన ధరకే ఇచ్చాడు. ఇక తిరిగి తూచడమెందుకని ఇద్దరమూ అనుకున్నాం.

సంచి ఎత్తుకున్నాను. తేలిగ్గా ఉంది.

నా చేతికి తెలిసింది. దాచను. అరచేతికి ఆ క్షణమే తెలిసింది. కానీ గెలిచిన ఆనందం ఉంది చూశారూ, అది చేతిని కూడా మోసం చేస్తుంది. మిగిలిన డబ్బు తెచ్చి సార్ చేతిలో పెట్టాను. ఆయన మెచ్చుకున్నారు. నేను అందులో ఒక్క రూపాయి తినలేదు. తిని ఉంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. దొంగనని ఒక పేరైనా ఉండేది. ఏ లాభమూ లేకుండా, కేవలం గెలవడం కోసం చేసినదానికి ఏం పేరు పెట్టుకోవాలి?

మర్నాడు పొద్దున్నే కుంట దగ్గరికి వెళ్ళాం. సార్ టోపీ పెట్టుకుని కట్ట మీద నిలబడ్డారు. మల్లయ్యవాళ్ళు అప్పటికే వల లాగుతున్నారు. పొద్దుటి నీళ్ళ మీద అక్కడక్కడా రంగుల పొర సాగుతోంది, నెమలి మెడ మీద ఉండే రంగులు. నేను చెట్టు నీడలో, నిన్నటి ఐసు వేసి ఉంచిన థర్మకోల్ పెట్టె తెరిచాను. అడుగున కాసిని ముక్కలు, సున్నపు బిళ్ళల్లా. రాత్రికి రాత్రే మిగతాదంతా ఎగిరిపోయింది.

అప్పుడు చెప్పవలసింది. సార్, ఐసు చాలదు, ఇవాళ వద్దు, రేపు చేద్దాం. ఇంత చిన్న మాట. కానీ వల అప్పటికే ఒడ్డుకు వచ్చేసింది. ఇంతమంది పనులు మానుకుని వచ్చారు. నిన్న మెచ్చుకున్న సార్ ముఖం ఎలా మారుతుందో కళ్ళముందు కనబడింది. ఇంకో సంగతి కూడా ఉంది, ఇది రాయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. మిగిలిన చేపలు బజారుకు తీసుకుపోవడానికి యాదమ్మ గంపతో వచ్చి ఉంది. ఆమె పక్కన తట్టలో కొట్టిన ఐసు ఉంది. మామూలు ఐసే. దోసెడు అడిగి పెట్టెలో వేసుకుని ఉంటే కాలేజీ చేరేదాకా కార్జాలు నిలబడేవి. నేను అడగలేదు. అడిగితే సార్ ఎందుకని అడుగుతారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కొసరు అడగకుండా ఏ కొట్టు మెట్టూ దిగనిదాన్ని, ఆ రోజు ఎదురుగా ఉన్న ఐసును అడగలేదు.

బొచ్చె చేపలు, రవ్వ చేపలు, ఒక్కొక్కటే కోశాను. కార్జాలు చిన్న గొట్టాల్లో పెట్టాను. గొట్టాలు పెట్టెలో పెట్టాను. మూత వేశాను. అప్పుడైనా గబగబా వెళ్ళామా? సంఘంవాళ్ళు సార్‌ను కూర్చోబెట్టి చాయ్ పోశారు. తమ కష్టం చెప్పుకున్నారు. సార్ ఓపికగా విన్నారు. పెట్టె జీపు వెనక సీట్లో ఉంది, అద్దంలోంచి ఎండ దాని మీద పడుతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు తమ కుంట గురించి ఎంతసేపు చెప్పుకుంటే వాళ్ళ సాక్షి అంత చచ్చిపోతోందని అక్కడ నా ఒక్కదానికే తెలుసు.

కాలేజీకి వచ్చి నేనొక్కదాన్నే పెట్టె తెరిచాను. గొట్టాలన్నీ డీప్ ఫ్రీజర్‌లోకి మార్చాను. ఒక గంటలో రాళ్ళలా గడ్డకట్టాయి. గడ్డకట్టాక చెడినదీ చెడనిదీ ఒకేలా ఉంటాయి. చలిలాగా దోషం దాచిపెట్టేది ఇంకేదీ లేదు.

తర్వాత పరీక్షలు చేశాం. కుంట చేపల్లో ఎంజైము ఎంత తక్కువ వచ్చిందంటే, మంచినీళ్ళ తొట్టెలో హాయిగా తిరిగే చేపల కన్నా తక్కువ. సార్ నుదురు ముడిపడింది. అంత తక్కువ రాకూడదే, పెట్టెలో ఐసు సరిపోయిందా అని అడిగారు. సరిపోయింది సార్ అన్నాను. రెండు మాటలు.

అక్కడితో ఆగి ఉంటే అది భయపడ్డ పిల్ల చెప్పిన అబద్ధం. నేను ఆగలేదు. సార్ ఇంకా ఆలోచిస్తున్నారు, ఆ ఆలోచన ఎటు పోతుందోనని నాకు భయం. సరుకు మీద అనుమానంగా నిలబడ్డ కొనుగోలుదారుడిని ఎలా కదిలించాలో నాకు తెలుసు. మన వేడి తొట్టెలో కూడా నూనె పడ్డాక ఎంజైము మొదట పెరిగి తర్వాత తగ్గిపోయింది కదా సార్, కుంట నీళ్ళు అంతకన్నా కాగి ఉంటాయి కదా అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే అమ్ముడుపోయింది. మా వేడి తొట్టెలో కూడా ఇంత కిందికి పడలేదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. కానీ నన్ను నమ్మారు. నా చేతుల మీద ఆయనకు అనుమానం లేదు, అందుకే ఉన్న అనుమానాన్ని ఎండ మీదికి మళ్ళించుకున్నారు. నూనె ప్రభావం కనబడలేదు, వేడి కారణం అయి ఉండవచ్చు అని రాసిచ్చారు. అధికారికి అంతకన్నా ఏం కావాలి? ఫిర్యాదు మూసేశారు.

యాదమ్మ కొట్టుకు వచ్చింది. మధ్యాహ్నం. బాపు అన్నానికి లోపలికి వెళ్ళాడు, కౌంటర్ మీద నేనున్నాను. ఆమె మెట్టు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

“బిడ్డా, మీ సార్ రాసిన కాగితం మా సంఘంల చదివిండ్రు. నూనె లేదంట గదా.”

“లేదని గాదు యాదమ్మా. కనబడలేదని.”

“కనబడకుంటే లేనట్టే గదా మాకు.” నా చేతుల వైపు చూసింది. “గా కాగితం నాకేం తెలుస్తది. నువ్వు కోసినవు, నీ చేతుల మీద నుంచి పోయింది. నువ్వు చెప్పు. గా డ్రమ్ములోళ్ళ తప్పు లేదా?”

నేను బెల్లం దిమ్మ మీద ఈగలు తోలుతున్నాను.

“ఎండలకు యాదమ్మా. నీళ్ళు మస్తు కాగినయి.”

ఆమె తల ఊపింది. కోపం రాలేదు. వస్తే బాగుండేది.

“ఎండతోని ఎవడు కొట్లాడుతడు బిడ్డా,” అంది. లేవబోయి మళ్ళీ ఆగింది. “మరి తినొచ్చా? ఇంట్ల పిల్లలు కూర వాసనొస్తాంది, తినం అంటున్నరు.”

ఇది ఆమె అడుగుతుందని నేను అనుకోలేదు. దీనికి నా దగ్గర ముందే కట్టిపెట్టుకున్న పొట్లం లేదు.

“తినొచ్చు.”

“నువ్వైతే ముట్టవు గని, నీ మాట మీద తింటం,” అని నవ్వింది. బెల్లం కట్టమంది. ధర చెప్పాను. చెప్పినంత ఇచ్చి వెళ్ళిపోయింది. ఎప్పుడూ, ఏ రోజూ, మా కొట్లో చెప్పిన ధర ఇవ్వని మనిషి ఆ రోజు బేరం ఆడలేదు. ఓడిపోయినవాళ్ళు ఎలా ఉంటారో నాకు ఆమె వీపు చూస్తే తెలిసింది. ధర దిగొస్తుందని తిప్పిన వీపు కాదు అది.

తర్వాతి ఎండాకాలం చేపలు మళ్ళీ తేలాయి. ఈసారి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేసినా ఉపయోగం లేదని తెలుసు, కాగితం ఉంది కదా. ఒక మనిషి మీద కోపం ఉంటే పదిమంది కలుస్తారు, షెడ్డు ముందు కూర్చుంటారు, ఆఫీసుకు పోతారు. ఎండ మీద ఎవరు ధర్నా చేస్తారు? నేను వాళ్ళ కుంటను ఒక్కటే కాదు, వాళ్ళ కోపాన్ని కూడా తీసేసుకున్నాను. సంఘంలో ఒకరు ఆటో కొనుక్కున్నారు, ఒకరు హోటల్లో చేరారు. మల్లయ్య యాప్రాల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా వెళ్ళాడు. వల వేసేవాడు లేని కుంటకు అడిగేవాడు ఉండడు. ఒక మూల నుంచి మొరం లారీలు దిగడం మొదలుపెట్టాయి. ఇప్పుడు అక్కడ ప్రహరీ గోడలు, సిమెంటు రోడ్లు, కుండీల్లో మొక్కలు. డ్రమ్ముల షెడ్డు కూడా ఎటో వెళ్ళిపోయింది.

నన్ను ఇప్పుడు మీరు అడగవచ్చు, మరి నిజంగా నూనె వల్లేనా అని. నాకు తెలియదు. అదే నా శిక్ష. నూనె వల్లే చచ్చాయని చెప్పగలిగితే కనీసం ఒక నిజమైనా చేతిలో ఉండేది. ఒకవేళ నిజంగానే ఎండ వల్లేనేమో. అలా అయితే నేను చేసిన నష్టం ఏమీ లేదు కదా అని ఎన్ని రాత్రులు ఆ వైపు నుంచి బేరం ఆడానో. కుదరలేదు. నూనె ఉందని నేను చెప్పడం లేదు. లేదని చెప్పే హక్కు ఆ ఖాళీ పెట్టెకు లేదని చెబుతున్నాను. ఇప్పుడు మళ్ళీ పరీక్ష చేద్దామంటే కుంట లేదు, చేప లేదు, ఆ గొట్టాలు ఎప్పుడో పారేశారు. సార్‌కు చెబుదామని ఎన్నోసార్లు అనుకుంటూ ఉండగానే ఆయన పోయారు. దినాల నాడు వెళ్ళి ఆయన ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాను. అక్కడ కూడా చెప్పలేదు. ఫోటో కూడా నన్ను నమ్ముతున్నట్టే ఉంది.

ఇంకో వింత చెప్పనా? ఇప్పుడు నేను శామీర్‌పేట వైపు ఒక మందుల కంపెనీలో పని చేస్తున్నాను. బయటి నుంచి వచ్చే శాంపిళ్ళ పెట్టెలు దారిలో చల్లదనం తప్పాయా లేదా చూడటం నా పని. కొద్దిగా తేడా వచ్చినా తిప్పి పంపేస్తాను. తెచ్చినవాళ్ళు బతిమాలుతారు, ట్రాఫిక్ అంటారు, ఎండ అంటారు. నేను వినను. ఆమె దగ్గర బేరాల్లేవమ్మా అని ఆఫీసులో నా మీద జోకు.

పోయిన నెల మేడ్చల్ బజారుకు కూరగాయలకు వెళ్ళాను. యాదమ్మ ఇంకా అక్కడే కూర్చుంటుంది. ఇప్పుడు అమ్మేది భీమవరం వైపు నుంచి లారీల్లో వచ్చే చెరువు చేపలు. ఐసు మీద పరిచి పెట్టింది. చూపు తిప్పుకుని పోబోతుంటే పిలిచింది. ఆ కొత్త కాలనీల్లో ఉండే ఒక ఆంధ్రా అమ్మాయి ఆమె ముందు నిలబడి, ఇక్కడి కుంటల చేపలు దొరకవా అండీ అని అడుగుతోంది.

“ఉంటుండె అమ్మా, మాదే ఒక కుంట ఉంటుండె,” అంది యాదమ్మ. “ఎండలకు పోయింది. గిదో, గీ బిడ్డనే పరీక్ష చేసింది. కావాల్నంటే అడుగుండ్రి.”

ఆ అమ్మాయి నా వైపు చూసింది. మర్యాదగా, ఏదో తెలుసుకుందామన్నట్టు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. యాదమ్మ వేళ్ళ సందుల్లోంచి ఐసు నీళ్ళు కారుతున్నాయి. ఆమె ముఖంలో నన్ను చూపించుకుంటున్న గర్వం ఉంది. తన కుంట ఎందుకు పోయిందో తన దగ్గర ఒక చదువుకున్న మనిషి ఇచ్చిన జవాబు ఉంది. అది తీసేసుకుంటే ఇన్నేళ్ళ తర్వాత ఆమెకు నేను ఇచ్చేది ఏమిటి? కోపమా? ఎవరి మీద? షెడ్డు లేదు. కుంట లేదు. మిగిలింది నేనొక్కదాన్నే. చూశారా, మళ్ళీ ఆమె కోసమే దాచినట్టు చెప్పుకుంటున్నాను. కాదు. నా కోసమే.

తల ఊపాను. అవునండీ అన్నాను. కొత్తిమీర కొనుక్కుని ఇంటికి వచ్చాను.

ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఎప్పటికైనా వస్తుందో రాదో తెలియదు. మీరు నన్ను క్షమించమని అడగను, మీకు ఆ అధికారం లేదు, అది ఉన్న యాదమ్మను నేను అడగలేను. కానీ ఇన్నేళ్ళుగా సార్‌తో, సంఘంతో, ఆ కాలనీ అమ్మాయితో, చివరికి నాతో కూడా అన్ని మాటలు చెప్పాను గానీ, కుంట నుంచి తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పాల్సింది పెద్దది కూడా కాదు. తగ్గింపు లేకుండా, కొసరు లేకుండా, ఇక్కడ పెడుతున్నాను.

కాలేజీలో నేనొక్కదాన్నే పెట్టె తెరిచాను. చెయ్యి లోపల పెట్టాను. వెచ్చగా ఉంది. నాకు తెలుసు.